క్రాష్ అయిన టెస్ట్ ఏ లైన్లో ఆగిందో తెలియాలి

కర్నూలు ఐఐఐటీడీఎం, ఇడుపులపాయ ఆర్‌జీయూకేటీ కంప్యూటర్ సైన్స్ విభాగాలకు బహిరంగ లేఖ

లినక్స్ కెర్నల్ యూనిట్ టెస్టులకు ఉన్న సాధనం కేయూనిట్. 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్‌తో అది ప్రధాన కెర్నల్‌లో చేరింది. మామూలుగా యూజర్ మోడ్ లినక్స్ మీద నడుస్తుంది, అంటే కెర్నలే ఒక సాధారణ ప్రోగ్రాంలా ల్యాప్‌టాప్‌లో లేస్తుంది. విడిగా బోర్డులు కొనే పని లేదు. కర్నూలు ఐఐఐటీడీఎం ఉన్న జగన్నాథగట్టు మీదైనా ఇడుపులపాయలోనైనా కెర్నల్ ల్యాబ్‌కు ఇంతకన్నా చవకైన దారి దొరకదు. చిక్కంతా టెస్ట్ కూలినప్పుడే.

టెస్ట్ ఫెయిలైతే ఏ పోలిక తప్పిందో, రెండు వైపులా ఏ విలువలున్నాయో కేయూనిట్ చూపిస్తుంది. నల్ పాయింటర్ తగిలితే మాత్రం యూజర్ మోడ్ లినక్స్‌లో కెర్నల్ మొత్తం పానిక్ అయి పడిపోతుంది. టెస్టులు నడిపే కేయూనిట్ స్క్రిప్ట్ ఆ టెస్టుకు క్రాష్ ముద్ర వేసి, దొరికిన లాగ్‌ను కింద కుమ్మరిస్తుంది. తర్వాత నడవాల్సిన టెస్టులు ఇక నడవవు.

ఆ లాగ్‌లో ప్రతి వరసలో ఒక ఫంక్షన్ పేరు, ప్లస్ గుర్తు, రెండు హెక్స్ సంఖ్యలు ఉంటాయి. మొదటిది ఫంక్షన్ మొదలు నుంచి ఎన్ని బైట్ల దూరమో, రెండోది ఫంక్షన్ మొత్తం పరిమాణం. పేరుకు ముందు ప్రశ్నార్థకం ఉంటే ఆ వరస పాత స్టాక్‌లో మిగిలిన చెత్త కావచ్చు. కొత్తవాళ్లు ముందుగా దాని వెంటే పడతారు. డీబగ్ ఇన్ఫోతో బిల్డ్ చేసి ఉంటే, కెర్నల్ సోర్స్‌తోపాటే వచ్చే డీకోడ్ స్టాక్‌ట్రేస్ స్క్రిప్ట్ ఈ సంఖ్యలను ఫైలు పేరుగా, లైన్ నంబరుగా మారుస్తుంది. డీబగ్ ఇన్ఫో లేకపోతే ఆ స్క్రిప్ట్ ఉన్నా లాభం లేదు. ల్యాబ్ కాన్ఫిగ్‌లో అది మొదటి రోజు నుంచే ఉండాలి.

చాలా క్రాష్‌లు టెస్ట్ రాసిన తీరులోనే పుడతాయి. మెమరీ అడిగి, పాయింటర్ నల్ కాదని ‘ఎక్స్‌పెక్ట్’తో సరిచూస్తే, తప్పు నమోదవుతుంది గానీ టెస్ట్ ఆగదు, కింది లైన్ అదే నల్‌ను వాడి కూలుతుంది. ‘అసర్ట్’ అక్కడికక్కడే ఆపేస్తుంది, పానిక్ బదులు చదవదగిన ఫెయిల్యూర్ మిగులుతుంది. ఈ ఒక్క తేడాకు ల్యాబ్‌లో ఒక పూట కేటాయించినా దండగ కాదు.

2024లో కేయూనిట్‌కే మరో మెరుగుదల వచ్చింది. టెస్ట్ థ్రెడ్ ఫాల్ట్ అయినప్పుడు చివరిగా దాటిన ఎక్స్‌పెక్ట్ లేదా అసర్ట్ ఏ ఫైల్లో, ఏ లైన్లో ఉందో అది చెబుతుంది. అంతకుముందు టైమౌట్ దాకా కాచుకోవాల్సి వచ్చేది. కెర్నల్ మొత్తం పడిపోయే యూజర్ మోడ్‌లో దీని సాయం అందదు, క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో నడిపితే అందుతుంది. అందుకే క్రాష్ అయిన టెస్టును రెండోసారి క్యూఈఎంయూలో నడిపించడం పాఠంలో భాగం కావాలి. ఏ టెస్ట్ ఏ టెస్టును చెడగొడుతోందో తేలకపోతే, ప్రతి టెస్టుకూ కెర్నల్‌ను కొత్తగా లేపే ఐసొలేటెడ్ పద్ధతి ఉంది. కాస్త నెమ్మది, అంతే.

ల్యాబ్ రికార్డుకు స్క్రీన్‌షాట్ చాలదు. బిల్డ్ డైరెక్టరీలో మిగిలే లాగ్ ఫైలు, వాడిన కాన్ఫిగ్, డీకోడ్ చేసిన ట్రేస్ కలిపి సమర్పిస్తేనే క్రాష్ అయిన టెస్టుకూ మార్కులు వేయడం సాధ్యమవుతుంది.