రోడ్డు పక్కన నిలబడేది మేమేనా?



2026 జనవరిలో పూణెలో ఐదు రోజులు పెద్ద సైకిలు పందెం జరిగింది. వేరే దేశాల వాళ్లు కూడా వచ్చి తొక్కినారు. సారు ఫోనులో చూపించినారు. జనం రోడ్డు పక్కన కాచుకోనుంటే సైకిళ్లు గుంపుగా సర్రున పోయినాయి, అంతే! దీనికోసరం అంతసేపు నిలబడాలా అని మన క్లాసులో నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. క్రికెట్టుకైతే టిక్కెట్టు కావాల. ఇది ఇంటిముందరికే వస్తుంది, మా అవ్వ కూడా చూడొచ్చు.

కానీ అందులో ఆడవాళ్లు లేరు. ఫ్రాన్సులో టూర్ డి ఫ్రాన్స్ అని ఇంకా పెద్ద పందెం ఉంది. మగవాళ్లకి 1903లోనే మొదలైంది. ఆడవాళ్లకి 1984లో పెట్టి, కొన్నేళ్లకే ఆపేసి, మళ్లీ 2022లో పెట్టినారు.

మన ఆటలపోటీల్లో కూడా అంతే గదా. సైకిలు పందెం మగపిల్లలకి, కుర్చీలాట మాకు. పోయినసారి మేము గేటు కాడ ఎండలో నిలబడి చప్పట్లు కొట్టినాము. నాకు సైకిలు వచ్చు. మా నాయన చేపలబుట్ట కట్టే సైకిలు మీద, సీటు అందక, కడ్డీ కింద కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నాను. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది.

మేడం గారూ, ఈసారి మాకూ పెట్టండి. గేటు నుంచి కలువాయి బస్టాండు దాకా చాలు. సైకిలు మా నాయన్ని అడిగి నేనే తెచ్చుకుంటాను.

— 9వ తరగతి విద్యార్థిని