చింతచెట్టు కింద వెలిగిన లైట్లు

మా ఊరు కిరుమాంబాక్కం. పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్ళే రోడ్డు మీద, బాహూర్‌కి దగ్గరలో ఉంటుంది. తూర్పున కాస్త దూరంలో సముద్రం, పడమట పొలాలు. ఊళ్ళో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. వీటితో పాటు ముని కాపురం ఉండే చింతచెట్టు కూడా ఒకటి ఉంది!

కిందటి ఏడాది మా అల్లుడు కొత్త కారు కొన్నాడు. వాన పడితే వైపర్లు వాటంతటవే తిరుగుతాయి, చీకటి పడితే హెడ్‌లైట్లు వాటంతటవే వెలుగుతాయి. కొన్న వారానికే ఒక అమావాస్య నాడు, పొద్దున పదకొండు గంటలకు, ఎర్రటి ఎండలో, ఆ చింతచెట్టు కింద లైట్లు వెలిగాయి. వెంటనే వైపరు ఒకసారి అటూ ఇటూ ఊగింది. చినుకన్నది లేదు. కారులో ఉన్న పక్కింటావిడ రెండు చేతులూ జోడించేసింది. "ముని కనబడ్డాడు సార్, కారు గుర్తు పట్టింది" అంది. మా ఆవిడ సాయంత్రానికల్లా డాష్‌బోర్డు మీద నిమ్మకాయ పెట్టింది.

నేను చదివింది బి.కాం. చేసింది డిఫెన్స్ అకౌంట్స్ ఉద్యోగం. ఇంజనీర్ని కాను. అయితే వోచరు చూడకుండా బిల్లు పాస్ చేయకూడదన్న ఒక్క పాఠం ముప్ఫై ఏళ్ళు చేతికి అంటుకుపోయింది. మునిగారి బిల్లు కూడా అలాగే పరిశీలిద్దామనుకున్నాను.

ముందు ఈ యంత్రాలు ఏం చేస్తాయో చూద్దాం. వాన సెన్సారు లోపలి అద్దం వెనుక, విండ్‌షీల్డుకి అతుక్కుని ఉంటుంది. అందులోంచి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు సుమారు 45 డిగ్రీల వాలుతో గాజులోకి పోతుంది. గాజు బయట గాలి ఉంటే, 42 డిగ్రీలు దాటిన వెలుగు బయటికి పోలేదు, పూర్తిగా వెనక్కి తిరిగి వస్తుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. గాజు మీద నీటి బొట్టు ఉంటే ఆ హద్దు 62 డిగ్రీల దాకా జరుగుతుంది. అప్పుడు 45 డిగ్రీల వెలుగు కొంత బొట్టులోంచి బయటికి జారిపోతుంది. తిరిగొచ్చే వెలుగు తగ్గిందా, వైపరు తిప్పు. అంతే దాని తెలివి!

అంటే దానికి వాన తెలీదు. వెలుగు తగ్గిందని మాత్రమే తెలుసు. ఎండిన పురుగు మరక, జిగురు, సముద్రపు గాలి తెచ్చే ఉప్పు పొర, అద్దం మార్చినప్పుడు సెన్సారు కింద మిగిలిపోయిన గాలి బుడగ, ఏదైనా దాన్ని తికమక పెట్టగలదు. టెస్లా కార్లలో వేరే వాన సెన్సారు లేదు, కెమెరా చూసి కంప్యూటరే నిర్ణయిస్తుంది. పొడి అద్దం మీద వైపర్లు తిరుగుతున్నాయని ఆ కార్ల వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. అమెరికాలో నిమ్మకాయలు కట్టినట్టు మాత్రం నేను వినలేదు.

హెడ్‌లైట్ల సంగతీ ఇంతే. ఒక చిన్న సెన్సారు బయటి వెలుగును కొలుస్తుంది. ఐక్యరాజ్యసమితి 48వ నంబరు వాహన నిబంధన ప్రకారం, ఆటోమేటిక్ లైట్లున్న కారు బయటి వెలుగు 1000 లక్స్‌కి తగ్గితే 2 సెకన్లలోపు లైట్లు వెయ్యాలి, 7000 దాటితే ఆర్పాలి. ఈ రెంటికీ మధ్య ఏం చెయ్యాలన్నది తయారీదారు ఇష్టం. ఆర్పడానికి మాత్రం 5 సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా ఆగవచ్చు. మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్. ముదురు చింతచెట్టు నీడలోకి వస్తే అది ఒక్కసారిగా పడిపోతుంది.

ఇక పరీక్ష. అల్లుణ్ణి బతిమాలి పది రోజులు రాకా పోకా కలిపి ఇరవై సార్లు ఆ చెట్టు కింద నుంచి పోయాం. పదిసార్లు నెమ్మదిగా, గంటకు పది కిలోమీటర్ల వేగంతో. పదిసార్లు నలభైతో. నేను పక్కన కూర్చుని నోటుబుక్కులో గళ్ళు గీసి రాసుకున్నాను. నెమ్మదిగా పోయిన పదిసార్లూ లైట్లు వెలిగాయి. వేగంగా పోయినప్పుడు ఒక్కసారే వెలిగాయి, అదీ మబ్బు పట్టిన సాయంత్రం. లెక్క తేలిగ్గానే కుదిరింది. చెట్టు నీడ సుమారు పది మీటర్లు. నలభైతో పోతే అది ఒక్క సెకను కూడా పట్టదు. పదితో పోతే మూడున్నర సెకన్లు. సెన్సారుకి ఆలోచించుకునే వ్యవధి చిక్కుతుంది.

ఇందులో తమాషా చూశారా? ఆ చెట్టు దగ్గర వేగం తగ్గించేది ఎవరు? దణ్ణం పెట్టుకునేవాళ్ళు! భక్తులకు మాత్రమే ముని కనబడతాడు, నమ్మనివాడు నలభైతో పోతాడు, వాడికి కనబడడు. మహిమ అంటే ఇదేనన్నమాట.

వైపరు సంగతి ఇంకా సులువు. ఆ ఇరవై ప్రయాణాల్లో పొడి అద్దం మీద ఏడుసార్లు ఊగింది. చెట్టు దగ్గర రెండుసార్లు, మిగతా అయిదుసార్లు వేరే వేరే చోట్ల. ఒకసారి చేపల దుకాణం ముందు ఊగింది. చేపల దుకాణంలో దయ్యం ఉందని ఎవరూ అనలేదు. చెట్టు దగ్గరివి రెండూ గుర్తుంటాయి, మిగిలిన అయిదూ మర్చిపోతాం. ఆ తర్వాత తడిగుడ్డతో సెన్సారు ముందున్న అద్దాన్ని గట్టిగా తుడిచాను. మళ్ళీ ఊగలేదు. ముని తడిగుడ్డకు లొంగాడు!

కోవూర్ గారు దయ్యాల ఇళ్ళకు వెళ్ళి చేసిన పరిశోధనలు చదువుకుని పెరిగినవాణ్ణి. ఆ రోజు నేనూ ఒక చిన్న కోవూర్‌నైపోయినట్టు మురిసిపోయాను. ఇక్కడితో ఆపితే ఇది మామూలు కథే అయ్యేది. కానీ అసలు సంగతి తర్వాత జరిగింది.

2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ తర్వాత ఇక్కడెవరూ ఈశాన్య వానల్ని తేలిగ్గా తీసుకోరు. అటువంటి వానల్లో ఒక మధ్యాహ్నం, రెండున్నరకి, కడలూరు నుంచి వస్తున్నాం. వైపర్లు దంచుతున్నాయి. "లైట్లు వేశావా?" అని వెనక నుంచి మా ఆవిడ అడిగింది. "ఆటోలో ఉంది అత్తయ్యా, అదే చూసుకుంటుంది" అన్నాడు అల్లుడు. పక్కన కూర్చున్న నేను తల ఊపాను.

మా కారు బూడిద రంగు, వానా బూడిద రంగు. పక్క సందులోంచి టీవీఎస్ మోపెడ్ మీద ఒక పెద్దాయన, నెత్తిన ప్లాస్టిక్ సంచీ కప్పుకుని, రోడ్డెక్కాడు. ఆయన మమ్మల్ని చూడలేదు. అల్లుడు బ్రేకు తొక్కాడు, కారు అడుగు దూరంలో ఆగింది. ఆయన బెదిరి పడిపోయాడు. మోకాలు చీరుకుపోయింది. లేపి కూర్చోబెడితే ఆయన తమిళంలో అన్న మొదటి మాట, "లైటు వేసుకుని రాకూడదా అయ్యా?" అని. దిగి చూస్తే మా లైట్లు వెలగడం లేదు.

ఎందుకు వెలగలేదో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. పగటి వానలో ఆకాశం తెల్లగానే ఉంటుంది, వెలుగు వేల లక్స్‌లో ఉంటుంది. సెన్సారు లెక్కలో చీకటి లేదు. అది తన పని తప్పలేదు. చీకటిగా ఉందా అని మాత్రమే అది అడుగుతుంది. ఎదుటివాడికి నేను కనబడుతున్నానా అన్న ప్రశ్న దానికి లేనే లేదు. పొగమంచులోనూ ఇంతే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వైపర్లు తిరుగుతుంటే హెడ్‌లైట్లు వెలగాలని చట్టమే ఉంది. కొన్ని కార్లలో ఆ రెంటినీ కలిపే పెట్టారు. మా కారులో కలపలేదు. మేం ఆ పుస్తకం తెరిచి చూడనూ లేదు. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్ళకు ఇంజను నడుస్తున్నంత సేపూ లైటు వెలిగేలా పెట్టింది కూడా ఎదుటివాళ్ళకు కనబడటానికే. ఆ పెద్దాయన మోపెడ్ పాతది.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడ నిమ్మకాయని చూసి నవ్విన నేను, అల్లుడి "అదే చూసుకుంటుంది"కి తల ఊపాను. రెంటికీ తేడా ఏముంది? ఆవిడ యంత్రంలో ముని ఉన్నాడనుకుంది. మేం యంత్రంలో మనిషి ఉన్నాడనుకున్నాం. ఇద్దరమూ లేని బుద్ధిని దానికి అంటగట్టాం. పైగా నిమ్మకాయ వల్ల ఎవరి మోకాలూ చీరుకుపోలేదు. ఆ యంత్రం ఏం కొలుస్తుందో నాకు ముందే తెలుసు, నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ముని బిల్లుకు ఇరవై వోచర్లు అడిగినవాణ్ణి, నాకు నచ్చిన బిల్లుని చూడకుండా పాస్ చేశాను.

హేతువాదం అంటే పక్కవాడి నమ్మకాన్ని పరీక్షించడం ఒక్కటే అయితే అది చాలా సుఖమైన పని. ఆధునికంగా ఉంది కదా అని మనం ప్రశ్నించకుండా వదిలేసేవాటి జాబితా కూడా ఎవరికి వారు రాసుకోవాలి. నా జాబితాలో మొదటి పద్దు ఈ ఆటో స్విచ్చి.

ఇప్పుడు వాన మొదలైతే మా అల్లుడు చేత్తోనే లైట్లు వేస్తున్నాడు. వారానికోసారి సెన్సారు అద్దం నేను తుడుస్తున్నాను. నిమ్మకాయ ఇంకా డాష్‌బోర్డు మీదే ఉంది. తీసెయ్యమని అడిగే అర్హత నాకు మళ్ళీ రావడానికి కొంతకాలం పడుతుంది.