అతికించే ముందు ఒక్క క్షణం

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. వారి మామగారు నిరుడు మరణించారు. ఆయన ట్రంకుపెట్టె అడుగున ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. దాని నిండా తపాలా బిళ్ళలే. నిజాం ప్రభుత్వ కాలం నాటివి కొన్ని, స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల నాటివి కొన్ని, గల్ఫ్ నుంచి వచ్చిన కవర్లపై అలాగే ఉన్నవి మరికొన్ని. పన్నెండేళ్ళ మనవడు వాటిని చూసి మురిసిపోయి, దాచుకున్న ఈదీ డబ్బుతో ఒక ఆల్బమ్, ఒక జిగురు సీసా కొని తెచ్చుకున్నాడు. “ఆల్బమ్ వాడి చేతికిచ్చాను. జిగురు సీసా మాత్రం అటక మీద పెట్టాను. వాడు రోజూ అడుగుతున్నాడు. అసలు ఏ జిగురు వాడాలో చెప్పగలరా?” అన్నది ఆ సోదరి ప్రశ్న.

అమ్మా, ఆ సీసాను అటక మీద పెట్టి మీరు చాలా మంచి పని చేశారు. ఆ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా చిన్నతనంలో మా ఇంట్లో అలా అటక మీద పెట్టేవారు లేకపోయారు.

మా నాన్నగారు కువైట్‌లో పనిచేసిన రోజుల్లో నెలకొక ఉత్తరం వచ్చేది. ఉత్తరం అమ్మ దాచుకునేది, కవరు నాకిచ్చేది. నేను బిళ్ళను కత్తిరించి, మైదాపిండి ఉడికించిన లైతో గీతల నోటుపుస్తకంలో అతికించేవాణ్ణి. పిండి లేనప్పుడు వడ్రంగులు వాడే తెల్ల జిగురు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి లైతో అతికించిన పుటలకు బూజు పట్టింది. వెండిరంగు పురుగులు పిండి రుచికి వచ్చి బిళ్ళల అంచులు కూడా తిన్నాయి. తెల్ల జిగురుతో అతికించినవాటిని నీళ్ళలో నానబెట్టాను. నోటుపుస్తకం గీతల సిరా కరిగి బిళ్ళలకు అంటుకుంది గాని జిగురు వదలలేదు. గోటితో లాగితే బిళ్ళ వెనుక పొర చీలి కాగితంతోనే ఉండిపోయింది. అన్నిటికంటె పెద్ద నష్టం నాకు ఆలస్యంగా తెలిసింది. బిళ్ళ చుట్టూ కత్తిరించినప్పుడే కవరు మీది తపాలా ముద్ర, తేదీ, నాన్నగారి చేతివ్రాత చెత్తబుట్టలోకి పోయాయి.

కాబట్టి ఈ నెల ఈ చిన్న విషయానికే శీర్షికంతా కేటాయిస్తున్నాను.

డబ్బాలో ఉన్నదేమిటి?

ముందుగా ఆ డబ్బాలోని సంపదను గుర్తించాలి. హైదరాబాదు సంస్థానం 1869 నుంచి తన సొంత తపాలా బిళ్ళలను వెలువరించింది. ఆ తొలినాళ్ళ బిళ్ళలలో ఒక వరుసపై విలువను నాలుగు లిపులలో ముద్రించారు. వాటిలో మన తెలుగు ఒకటి. 1931 నాటి వరుసలో అణా బిళ్ళపై చార్మినార్, రెండణాల బిళ్ళపై హైకోర్టు, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్ సాగర్ కనిపిస్తాయి. 1937లో నిజాం పాలన రజతోత్సవానికి వెలువడిన వాటిపై ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. స్వతంత్ర భారతదేశపు తొలి బిళ్ళ 1947 నవంబరు 21న జాతీయ పతాకంతో, ‘జై హింద్’ అన్న అక్షరాలతో వచ్చింది. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్మారకంగా వచ్చిన బిళ్ళలపై ‘బాపూ’ అన్న మాట హిందీలోను, ఉర్దూలోను ఉంటుంది.

ఇవన్నీ మీ డబ్బాలో ఉండకపోవచ్చు. ఒకటి రెండు ఉన్నా చాలు, వాటిని పిల్లవాడి పక్కన కూర్చుని గుర్తుపట్టండి. తాను పట్టుకున్నది ఏమిటో తెలిసిన పిల్లవాడు దానిని జాగ్రత్తగానే పట్టుకుంటాడు.

జిగురుకు మూడు ప్రశ్నలు

ఏ జిగురు చేతికి వచ్చినా దానిని మూడు ప్రశ్నలు అడగండి. అవసరమైతే నష్టం లేకుండా వదులుతుందా? ఏళ్ళు గడిచినా రంగు మారకుండా ఉంటుందా? తేమను, పురుగును పిలవకుండా ఉంటుందా?

మైదా లై నీటితో వదులుతుంది. కాని మూడవ ప్రశ్న దగ్గర ఓడిపోతుంది. మన వర్షాకాలంలో దానికి బూజు, పురుగు తప్పవు. తుమ్మబంక కూడా నీటిలో కరుగుతుంది. అయితే ఎండినప్పుడు ముడుచుకుని కాగితాన్ని వంకర తిప్పుతుంది, ముదిరితే పెళుసై పగులుతుంది. తెల్ల జిగురు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఎండిన తరువాత దాని పట్టు శాశ్వతమే. చెక్కకు అది గుణం, తపాలా బిళ్ళకు అదే దోషం. బడిపిల్లలు వాడే గ్లూ స్టిక్‌లలో కొన్ని నీటితో వదిలినా, బిళ్ళ వెనుక భాగమంతటినీ పుటకు అంటగడతాయి. రబ్బరు జిగురు కాలక్రమేణా పసుపెక్కి మరక వేస్తుంది.

వీటన్నిటికంటె ప్రమాదకరమైనది పారదర్శకపు టేపు. అతికించిన రోజున అది ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. కొన్నేళ్ళకు దాని జిగట కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకగా మారుతుంది, పైపొర తనంతట తానే ఊడి పడిపోతుంది. మరక మాత్రం పోదు.

ఈ విషయంలో సాక్షాత్తు తపాలా శాఖలే పొరపడ్డాయి. తేమగల దేశాలలో బిళ్ళల వెనుక జిగురు తడిసి అవి ఒకదానికొకటి అంటుకుపోవడం పాత సమస్య. అందుకే ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ 1964లో తడి చేయనవసరం లేని, పొర ఒలిచి అంటించే బిళ్ళలను ప్రపంచంలో మొదటిసారిగా వెలువరించింది. అమెరికా 1974లో ఆ పద్ధతినే ప్రయోగించింది. కాని ఆ బిళ్ళల జిగట క్రమంగా కాగితంలోకి ఇంకి రంగు చెడగొట్టింది. నాడు భద్రంగా దాచుకున్నవారి ఆల్బమ్‌లలో కూడా అవి మరకలు పడ్డాయి.

మరి దేనితో అమర్చాలి?

సేకరణ తెలిసినవారు బిళ్ళకు నేరుగా ఏ జిగురూ పూయరు. వాడిన బిళ్ళలకు ‘హింజ్’ అనే చిన్న కాగితపు ముక్కను వాడతారు. అది గ్లాసైన్ అనే పలుచని, నునుపైన కాగితంతో చేసినది, ఒకవైపు సన్నని జిగురు పూత ఉంటుంది. జిగురు వైపు బయటికి వచ్చేలా దానిని మడవాలి. పొట్టి భాగాన్ని రవ్వంత తడిచేసి, బిళ్ళ వెనుక పైఅంచు పళ్ళకు కొంచెం దిగువన అద్దాలి. పొడవు భాగాన్ని కొసన మాత్రమే తడిచేసి పుటకు అద్దాలి. అప్పుడు బిళ్ళను తలుపులా పైకెత్తి వెనుకవైపు కూడా చూడవచ్చు. తీయవలసి వస్తే పూర్తిగా ఆరిన తరువాతనే నెమ్మదిగా ఒలవాలి. తడి మీద లాగితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

వాడని బిళ్ళలకు హింజ్ కూడా తగదు. వాటి వెనుక అచ్చు నాటి జిగురు చెక్కుచెదరకుండా ఉండడమే సేకరణదారుల దృష్టిలో వాటి విలువ. హింజ్ గుర్తు పడితే ఆ విలువ తగ్గిపోతుంది. వాటికి ‘మౌంట్’ అనే పారదర్శకపు తొడుగులు దొరుకుతాయి. హావిడ్, షోగార్డ్ వంటి పేర్లతో వచ్చేవి ఇవే. జిగురు తొడుగు వెనుక మాత్రమే ఉంటుంది, బిళ్ళ లోపల స్వేచ్ఛగా నిలుస్తుంది. తొడుగు వెనుక భాగాన్ని మితిమీరి తడపకండి. లోపలికి తేమ చేరితే బిళ్ళ జిగురు కరిగి అంటుకుంటుంది. మెత్తని పి.వి.సి. కవర్లను మాత్రం వాడవద్దు. వాటిలో కలిపే మెత్తబరిచే పదార్థాలు కాలక్రమేణా సిరాకు, కాగితానికి చేటు చేస్తాయి.

పూర్తి కవర్లకు ఫోటోలకు వాడే మూల తొడుగులు చాలు. అవి పుటకు అంటుకుంటాయి, కవరు మూలలు వాటిలో ఒదుగుతాయి. ఇన్ని కొనడం ఇప్పుడు సాధ్యం కాకపోతే, సన్నని పట్టీల వెనుక బిళ్ళలను దోపుకునే స్టాక్‌బుక్ ఒకటి కొనండి. దానికి జిగురుతో పనే లేదు. పన్నెండేళ్ళ చేతులకు అదే అన్నిటికంటె క్షేమం.

నానబెట్టే ముందు

కవరు ముక్కలపై ఉన్న సాధారణ బిళ్ళలను చల్లని నీళ్ళలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచితే తమంతట తామే జారి వస్తాయి. అద్దుడు కాగితంపై ఆరబెట్టి, ఆపై బరువైన పుస్తకంలో అదమాలి. రంగు కవర్ల ముక్కలను విడిగా నానబెట్టాలి. ఒలిచి అంటించే కొత్త రకం బిళ్ళలు చాలావరకు నీటికి లొంగవు, చుట్టూ కొంత కాగితం వదిలి కత్తిరించి అలాగే ఉంచండి. కొన్ని పాత సిరాలు నీటిలో కరుగుతాయి. విక్టోరియా కాలపు బ్రిటిష్ బిళ్ళలలో కొన్నిటికి, వాడినవాటిని కడిగి మళ్ళీ వాడకుండా, కావాలనే అటువంటి సిరా వాడారు. కాబట్టి తెలియని పాత బిళ్ళను నీళ్ళకు దూరంగా ఉంచండి. మామగారి పేరు, చిరునామా ఉన్న కవర్లను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కత్తిరించనివ్వకండి.

చేతి తడి అంటకుండా చిన్న పట్టకారుతో పట్టుకోవడం నేర్పండి. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. ఆల్బమ్‌ను ఎండ తగలని పొడిచోట, బరువు కింద పడుకోబెట్టకుండా పుస్తకంలా నిలబెట్టి ఉంచండి.

చివరగా ఆ అబ్బాయికి ఒక మాట. బాబూ, అమ్మపై అలగవద్దు. ఆ డబ్బా మీ తాతగారు నీ వరకు చేర్చిన అమానతు. ఆయన ఇన్నేళ్ళు దాచి కూడా ఒక్క బిళ్ళకూ జిగురు పూయలేదని గమనించావా? అందుకే ఈనాడు వాటిని ఎలా అమర్చాలో నిర్ణయించే అవకాశం నీకు మిగిలింది. రేపు నీ తరువాతివారికి కూడా ఆ అవకాశం మిగిలేలా అమర్చు. నా నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో సగం చిరిగిన కువైట్ బిళ్ళలు పదిహేడు ఉన్నాయి. వాటిపై మా నాన్నగారి ఉత్తరాల తేదీలు మాత్రం లేవు.