అంగడి మునిగినా పద్దు మునగరాదు

మన కళాశాల ప్రవేశ పత్రాలను తిరగవేసి చూచినచో, తండ్రి వృత్తి అన్న చోట తరచుగా కనిపించే మాట వ్యాపారం. ఆ మాట వెనుక ఉన్నది పెండ్లిమర్రిలో బస్సు నిలిచే చోటి టీ అంగడి కావచ్చును. ప్రొద్దుటూరులో ఒక చిన్న గుడ్డల కొట్టు కావచ్చును. పులివెందుల వీధులలో పరుపులు, బొంతలు అమ్మే బండి కావచ్చును. పెట్టుబడి కొద్దిది, ఆసరా అంతకంటె కొద్దిది. ఆపద వచ్చిన పిమ్మట ఆ అంగడి మరల తెరుచుకొనునా లేదా అన్న దానిపైననే మీలో పలువురి చదువు ఆధారపడి ఉన్నది. అందువలన ఈ సంచికలో మేము కావ్యాన్ని వదలి పద్దు పుస్తకాన్ని పట్టుకొన్నాము. తెలుగు బోధించువారికి ఈ పని ఏల అని కమిటీ పెద్దలు నవ్వుకొందురేమో! నవ్వుకొన్నను మంచిదే, చదివిన చాలును.

కరువు సీమకు వరద భయమేమి అని మనవారి ధీమా. 2001లో కడపలో బుగ్గవంక పొంగి ఆ ధీమాను ఒకసారి ముంచినది. 2020 నవంబరులో నివర్ తుపాను వేళ ఆ వంకయే మరల వీధులలోనికి వచ్చినది. మరుసటి యేడు, 2021 నవంబరు 19 ఉదయం, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయి రాజంపేట ప్రాంతంలోని పులపుత్తూరు, మందపల్లె, తొగూరుపేట వంటి ఊళ్లపై విరుచుకొని పడినది. (1977లో దివిసీమను ఉప్పెన ముంచినది కూడ నవంబరు 19వ తేదీననే.) ఆ రోజులలోనే కమలాపురం వద్ద పాపాఘ్ని మీది వంతెన కూలినది. ఒక్క నీటిచుక్క సోకని అంగళ్లకు సైతం సరుకు చుట్టుదారిన రావలసి వచ్చినది. వ్యాపారి తన గుమ్మం ఎత్తు చూచుకొని నిశ్చింతగా ఉండరాదని దీనివలన తెలియుచున్నది.

ఆ వరదలో నష్టపోయిన ఒక కిరాణా వ్యాపారిని మేమెరుగుదుము. బియ్యం, బెల్లం, చక్కెర బస్తాలు పోయినందులకు ఆయన అంతగా దుఃఖించలేదు. గల్లాపెట్టె క్రింద ఉంచిన ఖాతా పుస్తకం బురదలో ముద్దయైనందులకు తల పట్టుకొని కూర్చున్నారు. ఊరిలో సగం ఇండ్ల అరువు అందులో ఉన్నది. కొందరు తామే వచ్చి, "భాయ్, నేనింత ఇవ్వవలెను, వ్రాసుకో" అని చెప్పి పోయినారట. కొందరు చెప్పలేదు. వారిని అడుగుటకు ఆయన చేతిలో కాగితం లేదు. ప్రొద్దుటూరు టోకు వర్తకుడు క్రొత్త సరుకు అప్పుగా ఇచ్చుటకు వెనుదీయలేదు గాని, "నీకు రావలసినదెంత?" అని అడిగినాడు. దానికి జవాబు లేకపోయినది. వరద పోయిన పిమ్మట చిన్న వ్యాపారిని లేపి నిలబెట్టునది మొట్టమొదట ఆ జవాబే అని మా అభిప్రాయం.

సర్కారు సాయం సంగతియు ఇట్టిదే. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు చిన్న అంగళ్లకు 25 వేల రూపాయలు ప్రకటించినారు. నమోదైన చిన్న సంస్థలకు వార్షిక అమ్మకాలను బట్టి 50 వేలు, లక్ష, లక్షన్నర అన్నారు. నష్టం ఒక్కటే అయినను, ఏ వరుసలో నిలువవలెనో నిర్ణయించునది కాగితం. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. అయినను మన అంగళ్లలో ఎన్నింటికి ఆ పత్రం ఉన్నదో మీరే మీ ఇండ్లలో అడిగి చూడుడు.

బీమా మాట ఎత్తగానే మన ఇండ్లలో వడ్డీ, అనిశ్చితి అన్న శంక పుట్టును. పండితులలోనే భేదాభిప్రాయాలు గలవు. దానిని తీర్చు అర్హత మాకు లేదు. 2021 ఏప్రిల్ 1 నుండి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అను పేర 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి గల సంస్థలకు అగ్ని, తుపాను, వరదలకు పనికివచ్చు పాలసీ ఉన్నదని మాత్రం చెప్పుచున్నాము. పాలసీ ఉన్నను, సర్వేయరు వచ్చి కొనుగోలు బిల్లులు, సరుకు జాబితా అడుగును. ఇక వ్రాతను గురించి మనకు శంకకు తావే లేదు. ఖురాన్‌లో అన్నింటికంటె దీర్ఘమైన ఆయతు, అల్ బఖరా 282, అప్పును వ్రాసికొనుటను, సాక్షులను ఉంచుకొనుటను గురించినదే గదా!

కరువు మాట మరచినామని తలపవలదు. వరద ఒక్క పూటలో ముంచును, కరువు మూడేండ్లు కూర్చొని తినును. వేరుశనగ ఎండిన యేడు అరువు తిరిగి రాదు. అరువు అసలే ఇవ్వవద్దని చెప్పుట పల్లెటూరిలో చెల్లదు; ఇచ్చిన నాడే బేరం, మానిన నాడే అంగడి మూత. కాని ఇంటింటికి ఒక హద్దు గీసికొనుట, ఒక నెల సరుకు కొనుటకు చాలునంత పైకం గల్లాపెట్టెకు దూరముగా ఉంచుట సాధ్యమే. జమ్మలమడుగు వైపు గుంత మగ్గాల వారికి చిన్న వాననే పెద్ద ఆపద: గుంతలో నీరు ఊరినచో పడుగు చెడును, పని నిలుచును. వానకాలపు రోజుల కూలిని ముందే విడిగా దాచుకొనుట తప్ప వారికి మేము చెప్పగలిగిన ఉపాయం లేదు.

కామర్సు విద్యార్థులకు మా ప్రార్థన ఒక్కటి. వేసవి సెలవులలో మీ వీధిలోని అయిదు అంగళ్లకు పోయి సరుకు జాబితా, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు శుభ్రముగా వ్రాసి ఇండు. ఆ పుటలను ఫోనులో ఫోటో తీసి వేరే ఊరిలోని బంధువుకు పంపుడు. అదే వీధిలోని బంధువైనచో ఆయన ఇల్లును మునుగును. నోటు పుస్తకాల వెల కమిటీవారు భరించిన బాగుండును.

అన్నట్లు, మన కళాశాల ప్రవేశ రిజిస్టర్లు క్రింది గది బీరువాలో అడుగు అరలోనే ఉన్నవి. వానలు రాకమునుపే వాటిని మేడమీదికి చేర్పించవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము.