మా చేను బెంగళూరులో లేదు!

కిందటేడు శెనక్కాయ పీకి, కట్టె చేలోనే ఎండబెట్టినాం. మాది పెనుకొండ దగ్గర మెట్ట సేద్యం. సాయంత్రం ఫోను నెట్‌తో ల్యాప్‌టాప్‌లో వాతావరణం చూస్తే 'రాత్రికి భారీ వర్షం' అని ఉంది. నా మాట నమ్మి నాయన కూలీలను పిలిచి రాత్రికి రాత్రే వామి వేయించినాడు. చినుకు రాలలేదు. పచ్చి మీద వేసిన వామిలో కాయ బూజు పట్టింది. తర్వాత చూస్తే ఆ పేజీ మూలన చిన్న అక్షరాలతో 'బెంగళూరు' అని ఉంది.

"సైన్సు చదివేటోడివి, మన చేను యాడుందో నీ మిషనుకు తెలీదా?" అన్నాడు నాయన.

తెలీదు మిత్రులారా! నెట్‌లో చేరిన ప్రతి కనెక్షనుకూ ఐపీ అడ్రసు అనే సంఖ్య ఉంటుంది. కంపెనీలు ఈ సంఖ్యలను గుంపులుగా తీసుకుంటాయి. ఏ గుంపు ఏ నగరానిదో కొన్ని సంస్థలు జాబితాలు రాసి పెట్టుకుంటాయి. మన ఫోను కంపెనీ బెంగళూరు కేంద్రం గుండా మనల్ని నెట్‌లోకి పంపితే మనమూ బెంగళూరోళ్లమే. పల్లెలో రాసిన జాబు మీద పట్నం ముద్ర పడినట్టు!

వై-ఫై పద్ధతి కొంత నయం. ప్రతి వై-ఫై పెట్టెకూ 48 బిట్ల గుర్తు ఉంటుంది. జీపీఎస్ ఉన్న ఫోన్లు ఆ దారిన పోతూ ఏ గుర్తు ఎక్కడ అందిందో పట్టికలకు ఎక్కిస్తాయి. కంప్యూటరు తన చుట్టూ ఉన్న గుర్తులను, వాటి బలాన్ని ఆ పట్టికతో పోల్చుకుంటుంది. ధర్మవరం పట్టుచీరల అంగళ్ల మధ్యనో, హిందూపురం బజారులోనో అయితే వీధి దాకా చెప్పగలదు. మా చేలో పోల్చుకోవడానికి ఏముంది? ఉపగ్రహాలతో పనిచేసే జీపీఎస్ గట్టు దాకా చెబుతుంది గాని, చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు.

ఈ బాధ అమెరికా రైతుకూ తప్పలేదు. ఊరు తేలని ఐపీ అడ్రసులను ఒక సంస్థ దేశం నడుమ ఒక బిందువు కింద రాసేసింది. ఆ బిందువు కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలం మీద పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ పొలానివే అయినాయి! ఎవరో చేసిన మోసాలకు పోలీసులు ఏళ్ల తరబడి ఆ ఇంటి తలుపు తట్టారు. 2016లో గాని అసలు కారణం బయటపడలేదు.

ఆ మూల చూడకపోవడం నా తప్పే. కాని యంత్రం ఊహించినప్పుడు 'ఇది ఊహ, ఇన్ని కిలోమీటర్ల తేడా ఉండొచ్చు' అని పెద్ద అక్షరాలతో చెప్పి తీరాలి. ఆ తేడా పట్నంలో గొడుగుతో పోతుంది, మాకు పంటతో పోతుంది. అందాకా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోనులో మన ఊరి పేరు మనమే రాసి పెడదాం. పెద్దలకు ఆ మూల చూపిద్దాం.

నేను చూపించినాను. ఇప్పుడు వాన కబురు చెబితే నాయన మొదట అడిగేది, "ఏ ఊరి వానరా?" అనే.