గుర్రుమను కుక్కను కొట్టకుడు

ఉదయమనగా తాళము వేసి పనికిపోయి సాయంకాలమునకు ఇల్లు చేరిన యజమాని, గోళ్ళగీతలు పడిన తలుపును, చీలికలైన పరుపును చూచి, మూలనున్న కుక్క చెవులు వెనుకకు వాల్చి, తోక కాళ్ళనడుమ ముడుచుకొని, చూపు ప్రక్కకు త్రిప్పుకొనుటయు చూచి, “చేసిన తప్పు దానికే తెలిసినది” అని కఱ్ఱ అందుకొనును. అచ్చట లేనిది విచారణ యొక్కటే. న్యూయార్కులోని బర్నార్డు కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రకటించిన పరిశోధనయందు, ముట్టవద్దన్న తినుబండారమును తిన్న కుక్క, తినని కుక్క అను భేదము లేక, గద్దించినప్పుడెల్ల ఆ ముఖమే కనబడినది. పైగా ఏ తప్పును చేయని కుక్కను గద్దించినప్పుడు మఱింత స్పష్టముగా కనబడినది. మనము పశ్చాత్తాపమని భ్రమించుచున్నది మన కోపమును చూచి పుట్టిన బెదురు. ఇక ఆ తలుపు సంగతి: కుక్క గీరినది యజమాని వెడలిపోయిన తలుపునే. ఒంటరితనమునకు తల్లడిల్లు ప్రాణి చేయు పనికి కక్ష యని పేరు పెట్టుట అన్యాయము.

ఇంతకంటె ప్రమాదకరమైన పొరపాటు వేఱొకటి కలదు. భయపడిన కుక్క తఱచుగా కరచుటకు ముందే కొయ్యబారి నిలుచును, పెదవులు నాకుకొనును, నిద్రరాకయే ఆవులించును, కంటితెలుపు కనబడునట్లు ఓరగా చూచును. అవి యేవియు మన కంటబడనప్పుడు గుర్రుమనును. మొదటివానిని గుర్తింపని మనము చివరిదానికి దెబ్బ కొట్టుదుము. దెబ్బకు గుర్రు అణగును గాని, దానిని పుట్టించిన భయము అణగదు, పెరుగును. పిమ్మట నొకనాడు పసివాడు దాని గిన్నెలో చేయిపెట్టగా కరచినచో, “ఉన్నట్టుండి కరచినది” అందుము. ఆ హెచ్చరికను కొట్టి మాన్పించినది మనమే.

1967లో సెలిగ్మన్, మేయర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు, తప్పించుకొన వీలులేని విద్యుదాఘాతములకు లోనైన కుక్కలలో అనేకము, తరువాత చిన్న అడ్డుగోడ దాటినచో బయటపడగల స్థితిలో సైతము కదలక పడియుండి మూలుగుట చూచిరి. కఱ్ఱకు నోరుమూసికొన్న కుక్కను చూచి “బుద్ధి వచ్చినది” అనువారు ఆ మూలుగును తలంచుకొనవలెను.

నన్నయభట్టారకుని ఆదిపర్వమునందు, ఆడుకొనుచున్న సారమేయుడను కుక్కపిల్లను జనమేజయ మహారాజు తమ్ములు కొట్టగా, తల్లి సరమ రాజసన్నిధికి వచ్చి నిలదీసినది. యుక్తాయుక్తములు ఆలోచింపక సాధుప్రాణిని హింసించిరనునదే ఆమె అభియోగము. ఆ అభియోగము నేటికిని మన ఇండ్లలో నిలిచియున్నది.

కరచు కుక్కను విచ్చలవిడిగా వదలుడని నేననుట లేదు. గొలుసు, తలుపు, పెద్దల కాపలా – ఇవి యుండవలసినవే. అయితే చెవిపోటో, పంటినొప్పియో, కీళ్ళబాధయో లేదని ముందు తేల్చుకొనవలెను. భయమే కారణమైనచో, భయపెట్టు వస్తువు బెదురు కలిగింపనంత దూరమున నుండగా ఇష్టమైన తిండి పెట్టుచు, వారములు, నెలలు పట్టినను ఓపికతో దూరము తగ్గించుకొనిరావలెను. మనుష్యునికి వినబడు ధ్వని సెకనుకు 20,000 కంపనములతో ఆగిపోగా కుక్కకు దాదాపు 45,000 వఱకు వినబడును. అట్టి చెవులు గల ప్రాణి దీపావళినాడు టపాకాయల మ్రోతకు మంచముక్రింద దూరినచో, “అలవాటు కావలె”నని బయటికీడ్చుట క్రౌర్యము.

మీ కుక్క ఈసారి గుర్రుమన్నచో, దయచేసి ఒక్క అడుగు వెనుకకు వేయుడు. ప్రక్కనున్న పిల్లవానిని ఆవలకు కొనిపొండు. మఱునాడు దానిని పశువైద్యునికి చూపుడు.