నిందితుడు వేరు, దోషి వేరు

ఎక్కడ బాంబు పేలినా మరునాటి నుంచి పత్రికలలో రెండు వార్తలు పక్కపక్కనే కనబడుతుంటాయి. ఒకటి మృతుల సంఖ్య. రెండవది "ఉగ్రవాదుల అరెస్టు". మొదటిదానిని ఆసుపత్రివారు లెక్కించి చెబుతారు. రెండవదానిని ఎవరు లెక్క తేల్చారు? ఏ న్యాయస్థానం సాక్ష్యం విని వారిని ఉగ్రవాదులన్నది? ఈ ప్రశ్న వేసినవాణ్ణి దేశద్రోహి అనడం పరిపాటి అయింది గనుక నా పక్షమేదో ముందే మనవి చేసుకొంటాను. నిరాయుధుల నడుమ బాంబు పెట్టినవాడికి చట్టంలోని కఠినశిక్ష పడవలసిందే. అది వాడికే పడాలి, మరొకడికి కాదు. నా జగడమంతా ఈ రెండవ వాక్యం కోసమే.

జీవితమంతా బడిపిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి గనుక మాటలతోనే మొదలుపెడతాను. అనుమానితుడంటే అనుమానానికి గురి అయినవాడు. నిందితుడంటే నిందింపబడినవాడు. ఈ రెండింటిలోనూ క్రియ ఇతరులది. అనుమానించినదీ నిందించినదీ మరొకరు. దోషి అన్నప్పుడు మాత్రమే దోషం ఆ మనిషిది అవుతుంది. నిందితుడికీ దోషికీ నడుమ ఒక న్యాయస్థానం, ఒక విచారణ, ఒక తీర్పు ఉన్నాయి. మన పత్రికలూ, టీవీ ఛానెళ్ళూ ఆ దూరాన్ని ఒక్క రాత్రిలో దాటివేస్తున్నాయి. సాయంత్రం అనుమానితుడు, రాత్రికి నిందితుడు, తెల్లవారేసరికి ఉగ్రవాది.

ముద్దాయి అనే మాట చరిత్ర మరీ విచిత్రం. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ఈ పదానికి మూలార్థం దావా వేసినవాడు, అనగా వాది. దావా, ముద్దాయి ఒకే ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు. మన వాడుకలో అది తలకిందులై, నేరారోపణ మోస్తున్నవాడు ముద్దాయి అయినాడు. భాషలో మాట తలకిందులైతే నిఘంటువులో మరొక అర్థం చేర్చుకొంటే సరిపోతుంది. మనిషి బ్రతుకు తలకిందులైతే చేర్చుకోవడానికి ఏముంది?

ఇది పండితుల చాదస్తం అనుకొనేవారు 1996 నాటి అట్లాంటాను తలచుకోవాలి. ఒలింపిక్ క్రీడలు జరుగుతుండగా జులై 27న అక్కడి పార్కులో ఒక సంచిలో బాంబు పేలింది. రిచర్డ్ జ్యూయెల్ అనే కాపలాదారు ఆ సంచిని ముందే కనిపెట్టి పోలీసులకు చెప్పి, జనాన్ని దూరంగా పంపడంలో తోడ్పడ్డాడు. అయినా ఒక మహిళ చనిపోయింది. వందమందికి పైగా గాయపడ్డారు. మూడు రోజులు తిరగకుండానే, ఎందరి ప్రాణాలో కాపాడిన ఆ మనిషే బాంబు పెట్టి ఉంటాడని వార్తలు వచ్చాయి. కెమెరాలు అతని ఇంటి చుట్టూ మూగాయి. అతడు అనుమానితుడు కాడని ప్రభుత్వ న్యాయవాది లేఖ ఇచ్చేసరికి అక్టోబరు నెలాఖరు అయింది. అసలు దోషి ఎరిక్ రుడాల్ఫ్ 1997లో అట్లాంటా ప్రాంతంలోనే మరి రెండుచోట్లా, 1998లో అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌లోనూ బాంబులు పెట్టాడు. ఈ చివరిదానిలో ఒక పోలీసు అధికారి మరణించాడు. రుడాల్ఫ్ చిక్కినది 2003లో. తప్పుడు మనిషి వెంటబడిన ప్రతి దినమూ అసలు వాణ్ణి వెదకని దినమే గదా!

అదే పేరుగల ఇంగ్లండు నగరంలో జరిగినది ఇంకా ఘోరం. 1974 నవంబరు 21న బర్మింగ్‌హామ్‌లోని రెండు మద్యశాలలలో బాంబులు పేలి 21 మంది మరణించారు. ఐర్లండులో పుట్టిన ఆరుగురిని పట్టుకొని, మరుసటి ఏడు యావజ్జీవ శిక్ష వేశారు. సాక్ష్యం రెండు విధాలు: ఒప్పుకోలు పత్రాలు, చేతుల మీద పేలుడు పదార్థపు ఆనవాళ్ళు చూపిందన్న రసాయన పరీక్ష. ఒప్పుకోళ్ళు కొట్టి రాయించుకొన్నవని వారు మొదటి నుంచీ మొత్తుకొన్నారు. పేకముక్కల మీది పూత తగిలినా ఆ పరీక్ష అదే ఫలితం చూపగలదని తరువాత తేలింది. పోలీసుల మీద వారు వేసిన దావాను 1980లో లార్డ్ డెన్నింగ్ అనే పెద్ద న్యాయమూర్తి త్రోసిపుచ్చాడు. వీరు గెలిస్తే పోలీసులు అబద్ధమాడారనీ, హింసించారనీ ఒప్పుకోవలసి వస్తుంది, అది తలచుకోవడానికే భయంకరం, కనుక దావా సాగరాదు అన్నది ఆయన తర్కం. నిజం భయంకరంగా ఉంటుందని నిజాన్నే వాకిట నిలిపివేయడం ఏ న్యాయశాస్త్రమో నాకు బోధపడదు. 1991లో ఆ ఆరుగురూ విడుదలయ్యారు. పదహారేళ్ళు పోయాయి. ఆ 21 మంది హత్యలకు నిజంగా కారకులైనవారిలో ఒక్కరికీ నేటిదాకా శిక్ష పడలేదు.

దూరదేశపు కథలెందుకంటారా? మన హైదరాబాదుకే వద్దాం. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తరువాతి అల్లర్లలో పోలీసు కాల్పులకు మరి ఐదుగురు పోయారు. పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకొన్నారు. పేర్లు అచ్చయ్యాయి, బొమ్మలు వేశారు. తరువాత కోర్టులు వారిని నిర్దోషులన్నాయి. దర్యాప్తు మరొక దారి పట్టి, హిందూ అతివాదులన్న ఆరోపణతో మరికొందరిని నిలబెట్టారు. ఈసారి వేరొక వర్గపు చదువరులు అదే తొందరతో తీర్పు చెప్పారు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం విచారణ ముగించి, ఆ ఐదుగురిపై నేరం రుజువు కాలేదన్నది. లెక్క చూడండి. రెండు మతాలవారినీ వంతులవారీగా ఉగ్రవాదులన్నాము. నమాజుకు వెళ్ళి తిరిగిరాని ఆ తొమ్మిదిమంది ఇళ్ళకు మాత్రం ఇదిగో హంతకుడు అని చూపలేకపోయాము. తొందరపాటు తీర్పుకు మతం లేదు. దాని వల్ల కలిగే నష్టానికీ లేదు.

"విచారణలూ, సాక్ష్యాలూ అంటూ కూర్చుంటే ఉగ్రవాదులు తప్పించుకొంటారు" అని ఒక వాదం తరచు వినబడుతుంది. దీనికి ముంబై తీర్పే సమాధానం. 2008 నవంబరు 26న మొదలైన ఆ దాడిలో 166 మంది బలి అయ్యారు. ప్రాణాలతో చిక్కిన కసబ్‌ను తుపాకితో చూసిన కళ్ళున్నాయి, తీసిన ఛాయాచిత్రాలున్నాయి. అయినా మన దేశం అతనికి న్యాయవాదిని ఇచ్చింది, సాక్షులను పిలిచింది, పైకోర్టులకు వెళ్ళనిచ్చింది. 2012 నవంబరు 21న ఉరి తీసింది. విచారణ వల్ల అతడు తప్పించుకోలేదు. మరొక విషయం చాలామంది మరచిపోయారు. కసబ్‌కు మరణశిక్ష విధించిన ఆ న్యాయస్థానమే, అదే కేసులో నిలబెట్టిన ఇద్దరు భారతీయులను సాక్ష్యం నిలువలేదని విడిచిపెట్టింది. సుప్రీంకోర్టూ దానిని ఖాయం చేసింది. ఆ ఇద్దరినీ విడిచిపెట్టినందువల్లనే కసబ్‌పై తీర్పుకు ప్రపంచంలో గౌరవం దక్కింది. అందరినీ ఒకే తాడుకు కట్టి ఉంటే అది తీర్పు అనిపించుకోదు, కక్ష అనిపించుకొంటుంది.

పోలీసులు అనుమానించవద్దని నేననడం లేదు. అనుమానం వారి వృత్తి. అనుమానించకపోతే ఏ నేరమూ తేలదు. అయితే వారి అనుమానాన్ని మనం నిర్ణయంగా అచ్చు వేయరాదు. పాఠశాలలో ఒక పుస్తకం పోతే, ఎవడు తీశాడని అడగటం వేరు, వెనుక బల్ల మీది పిల్లవాణ్ణి దొంగా అని పిలవడం వేరు. రెండవది చేసిన ఉపాధ్యాయుడికి పుస్తకం దొరకదు సరిగదా, అసలు తీసినవాడు ముందు బల్ల మీద కూర్చుని నవ్వుకొంటాడు.

కాబట్టి పత్రికలవారికి నా విన్నపం ఒకటే. తీర్పు వచ్చేవరకు "నిందితుడు" అనండి. ఆ మాట మెత్తనిది కాదు, సరైనది. నిర్దోషి అని తేలితే, అరెస్టు వార్త ఎంత పెద్ద అక్షరాలతో ఏ పుటలో వేశారో, ఆ వార్తనూ అంతే అక్షరాలతో అక్కడే వేయండి. చదువరులమైన మనమూ తక్కువ తినలేదు. పేరు చూసి నేరం నిర్ణయించే అలవాటు మన రాతలలో నానాటికీ పెరుగుతున్నది. పోయినవారి మీద మనకు నిజంగా గౌరవముంటే, వారిని చంపినవాడెవడో తేలేదాకా ఆగే ఓపిక ఉండాలి. ఎవరినో ఒకరిని పట్టుకొని తృప్తి పడటం మృతులకు నివాళి కాదు. అది హంతకుడికి మనం చేజేతులా ఇచ్చే సెలవు.